మోస్కా గారి రెండు కుండలు

పోయిన వారం కథ చదివినవాళ్ళు, శుక్రవారం పిరేయస్ ఓడ దిగిన ఇంగెని అప్పుడే మరిచిపోయి ఉండరు. అరవై మూడేళ్ళ డెన్మార్క్ మనిషి. ఒక్కతే వచ్చింది. చేతిలో చిన్న పెట్టె, నోట్లో ఒకటే ప్రశ్న: "మోస్కా గారి గదులు ఎక్కడ?" ముప్ఫై తొమ్మిదేళ్ళ కిందట, పెళ్ళైన కొత్తలో, భర్త పౌల్‌తో కలిసి ఆ ఇంట్లో నాలుగు రోజులుంది. ఇప్పుడు పౌల్ లేడు. గ్రీకుల సిఫ్నోస్ దీవిలో అచ్చమైన ఇంటి బస కావాలని ఇంటర్నెట్‌లో వెతికితే, అచ్చమైనవే నూట ఎనభై దాకా కనిపించాయట. అన్నిట్లోనూ తెల్ల దుప్పట్లే గానీ ఒక్కదాంట్లోనూ మనిషి మొహం లేదు. అందుకని ఆ వెతుకులాట మానేసి ఓడెక్కేసింది.

తీరా కమారెస్ రేవులో దిగి సందులోకి వస్తే అక్కడ రెండు తలుపులు, రెండు బోర్డులు. ఒకదాని మీద "మోస్కా గదులు, 1964 నుంచి" అనీ, రెండోదాని మీద "అసలైన మోస్కా గదులు, 1964 నుంచి" అనీ రాసుంది. మొదటిది మోస్కా చిన్నకూతురు అనెజీనాది, రెండోది పెద్దకూతురు కల్యోపిది. తల్లి పోయి ఇరవై ఆరేళ్ళు. అక్కచెల్లెళ్ళ మధ్య మాటలు పోయీ అంతే, ఓ నలభై రోజులు తక్కువ. ఇంగె రెండు తలుపుల మధ్యా నిలబడి చాలాసేపు చూసి, ఎటూ తేలక, "ఆదివారం శనగలు తిన్నాక చెబుతాను, ఏది అసలు ఇల్లో" అంది. మొదటి తలుపు అనెజీనాది కాబట్టి పెట్టె అక్కడ దింపింది. శనివారం సాయంత్రం అనెజీనా తన శనగల కుండని ఊరి రొట్టెల బట్టీకి తీసుకెళ్ళింది. ప్రతి వారం ఉండేదే అయినా, ఈసారి అక్కడ కల్యోపి కుండని చూసి ఆమె గుండె గుభేలుమన్న దగ్గర పోయిన వారం ఆగాం.

గుండె గుభేలుమనడానికి కారణం ఉంది. తల్లి నలభయ్యో రోజున, కోవెల వాకిట్లో, ఊరంతా వింటూండగా కల్యోపి ఓ మాట అంది. "నీకు అమ్మ గోడలొచ్చాయే అనెజీనా, అమ్మ చెయ్యి రాలేదు." ఆ ఒక్క మాటకే పెరట్లో గోడ లేచింది, రెండో బోర్డు వచ్చింది. అప్పటినుంచీ ఏడాదికి యాభై రెండు ఆదివారాలు అనెజీనా శనగలు వండుతూనే ఉంది. ఉల్లిపాయ ఎక్కువేసి చూసింది, తక్కువేసి చూసింది, నూనె మార్చింది, బిర్యానీ ఆకు వేసింది. బాగానే ఉండేవి. తిన్నవాళ్ళు బాగున్నాయనే అనేవారు. కానీ అమ్మవి కావు. ఆ సంగతి ఆమె నాలుక్కి తెలుసు, ఇంకెవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు అమ్మ చేతి తిండి తిన్న మనిషి ఒకతె ఎక్కడో ఉత్తరాన్నుంచి వచ్చి తన ఇంట్లో కూర్చుంది. ఆవిడ ఒక్క ముక్క "ఇదే" అంటే చాలు, ఇరవై ఆరేళ్ళ అవమానం ఊడ్చుకుపోతుంది. ఆవిడ "కాదు" అంటే, ఇంక ఆ బోర్డు కింద ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

ఆదివారం పొద్దున ప్రార్థన అయ్యాక అనెజీనా కోవెల నుంచి తిన్నగా బట్టీకి నడిచింది. అక్కడ ఎప్పటిలా ఆడవాళ్ళంతా కుండల కోసం నిలబడి ఉన్నారు. శనివారం పొద్దుపోయాక బట్టీలో పెట్టిన శనగలు తెల్లవార్లూ కట్టెల సెగ మీద మగ్గి, ఆదివారం ఈ వేళకి బయటికొస్తాయి. మూతల చుట్టూ పిండి మెత్తి ఉంటుంది. ఆ పిండిని పగలగొట్టేది ఇంట్లో, బల్ల ముందరే. బజార్లో మూత తీసే ఇల్లాలిని మా దీవిలో ఇల్లాలనరు.

కుండలన్నిటికీ ఏదో ఒక గుర్తు ఉంటుంది. ఒకరు చెవికి తీగ చుడతారు, ఒకరు సున్నంతో బొట్టు పెడతారు. మోస్కా ఉన్నప్పుడు కుమ్మరి చేత ఒకే అచ్చులో తీసినట్టున్న రెండు కుండలు చేయించి, రెండు మూతల మీదా ఒకే గుర్తు గీయించింది. ఒక చేప, దాని పైన మూడు చుక్కలు. కూతుళ్ళకి చెరొకటి ఇచ్చింది. వాళ్ళు విడిపోయాక ఎవరో ఒకరు ఓ దారం ముక్క కట్టుకుంటే సరిపోయేది. "అమ్మ కుండకి నేనెందుకు కట్టాలి దారం? ఆవిడ కట్టుకోనీ" అని అనెజీనా. అటుపక్క నుంచి కూడా అదే మాట. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఈ విషయంలో మాత్రం అక్కచెల్లెళ్ళిద్దరూ అచ్చం అమ్మ కూతుళ్ళే. పాపం బట్టీ జఫీరిస్ ఇరవై ఆరేళ్ళుగా చెల్లెలి కుండ ఎడం పక్కా, అక్క కుండ కుడి పక్కా పెట్టి కాపురాలు కాపాడుకుంటూ వస్తున్నాడు.

ఆ రోజు జఫీరిస్ పని చెయ్యడం లేదు. నడుం పట్టేసి గోడవార కుర్చీలో కూలబడి ఉన్నాడు. కుండలు తీసింది అతని అల్లుడు, ఏథెన్స్ మనిషి.

"నాది ఎడం పక్కది కదా మావయ్యా?" అంది అనెజీనా.

"ఎడమేంటి, కుడేంటి! మా అల్లుడు గారు బళ్ళో పిల్లల్ని నిలబెట్టినట్టు బారుగా పేర్చిపారేశాడు. పొట్టివి ముందు, పొడుగువి వెనకాల."

"మరి నాదెట్లా తెలుస్తుంది?"

"ఆ చివర్న చేప గుర్తుది నీదే అనుకుంటానమ్మా."

"అనుకుంటావా?"

"ఆదివారం పూట చంపకే తల్లీ! లోపలున్నవి శనగలేగా, రత్నాలు కాదుగా."

అల్లుడు బుర్ర గోక్కుంటూ, ఎడం పక్కనుంచే తీసినట్టు గుర్తన్నాడు. అనెజీనా గుడ్డతో చెవులు పట్టుకుని కుండ ఎత్తుకుంది. వేడి పొట్టకి తగులుతుంటే గబగబా ఇంటికి నడిచింది.

పెరట్లో బల్ల వేసి ఉంది. అనెజీనా మొగుడు లూకాస్ రొట్టె కోస్తూ, ఒక్కో ముక్క నోట్లో వేసుకుంటున్నాడు. పడవ ఒడ్డుకి లాగేశాక ఆదివారం అతనికి అంతకంటే పనిలేదు. ఇంగె బావి దగ్గర నిలబడి చూస్తోంది. బావి అంటే వాన నీళ్ళు పట్టి దాచుకునే తొట్టి. మోస్కా ఉన్నప్పుడు పెరడంతటికీ నడిమధ్యన ఉండేది. గోడ కట్టేటప్పుడు మేస్త్రీ కొలతలు వేస్తే అది సరిగ్గా బావి నోటి మీద పడింది. పూడ్చడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. దాంతో గోడని కమానులా లేపి బావి మీంచి దాటించారు. ఇటు సగం నోరు, అటు సగం నోరు. రెండు బక్కెట్లు, ఒకే నీళ్ళు. అప్పుడప్పుడూ లోపల బక్కెట్లు రెండూ ఢీకొంటే ఇద్దరూ ఏమీ ఎరగనట్టు తాడు లాక్కునేవాళ్ళు.

"ఇది గుండ్రంగా ఉండేది," అంది ఇంగె. ఆవిడ గ్రీకు భాషని సాయంత్రం బళ్ళో ఎనిమిదేళ్ళు నేర్చుకుంది. తప్పులుండవు గానీ ఒక్కో మాటా మెట్టు దిగినట్టు దిగుతుంది. "చుట్టూ మేము కూర్చునేవాళ్ళం. పౌల్ కాళ్ళు చాపుకునేవాడు. ఇప్పుడు సగమే ఉంది. అందుకే నాకు ఇల్లు గుర్తు పట్టడం కష్టంగా ఉంది. నిన్న మధ్యాహ్నం అటువైపు కూడా చూసి వచ్చాను. అది కూడా సగమే."

"రా అమ్మా, కూర్చో. చల్లారిపోతాయి," అంది అనెజీనా. అటువైపు మాట ఎత్తడం ఆమెకి నచ్చలేదు.

ఇంగె కూర్చోలేదు. మేడ మీది గదికేసి చూపించింది. "మేము పడుకున్నది ఆ గదిలో. రెండు మంచాలు కలిపి వేశారు. దుప్పటి మీద ఎర్ర దారంతో పిట్టలు కుట్టి ఉన్నాయి. ఇప్పుడూ అదే పరిచారు. ఆ పిట్టలు ఎవరు కుట్టారు?"

అనెజీనా మేడకేసి చూసింది. ఎర్ర పిట్టలు కుట్టింది తనే, పద్నాలుగేళ్ళప్పుడు. నాలుగు పిట్టలు కుట్టాక విసుగొస్తే మిగిలినవి కల్యోపి కుట్టింది. ఆ మంచాలు అక్కచెల్లెళ్ళవే. ఆ రోజుల్లో గదులంటే వేరే ఎక్కడున్నాయి? ఓడ కూత వినబడితే చాలు, అమ్మ పళ్ళెంలో కలబంద రంగు గాజు గిన్నె పెట్టి, దాంట్లో సీమ దానిమ్మ పండు చక్కెర పాకం వేసి, గ్లాసు చన్నీళ్ళు పక్కన పెట్టుకుని రేవుకి బయల్దేరేది. మిగతా ఆడవాళ్ళు అట్టముక్కలు పట్టుకుని "గదులు, గదులు" అని అరుస్తుంటే అమ్మ నోరు విప్పేది కాదు. బరువు మోస్తూ అందరికంటే అలిసిపోయిన వాళ్ళెవరో చూసి, వాళ్ళ ముందుకెళ్ళి పళ్ళెం చాపేది. పాకం తిని నీళ్ళు తాగాక ఇంక వాళ్ళు వేరే ఇంటికెలా వెళతారు? వాళ్ళని వెంటబెట్టుకుని వస్తూ దూరం నుంచే కేకేసేది, "పిల్లలూ, పక్కలు మార్చండే!" అని. ఇద్దరూ తమ దుప్పట్లు లాగి ఉతికినవి పరిచి, చంకలో తలగడతో వంటింట్లోకి దిగేవాళ్ళు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ ఇంట్లో ఎవరూ తమ మంచం మీద పడుకుని ఎరగరు. వంటింటి గచ్చు మీద అమ్మ ఒక చివర, ఇద్దరు కూతుళ్ళు ఒకే దుప్పట్లో. పైన పరాయి వాళ్ళు ఏ భాషలోనో నవ్వుకుంటుంటే కింద వీళ్ళిద్దరూ నోరు నొక్కుకుని వాళ్ళ మాటల్ని అనుకరిస్తూ నవ్వేవాళ్ళు. అమ్మ చీకట్లోనే చెయ్యి చాపి ఎవరి నెత్తి దొరికితే వాళ్ళకి ఒక జెల్ల అంటించేది. అలాంటి సుఖం ఆ తర్వాత ఏ పరుపు మీదా రాలేదు.

"మేమే కుట్టాం," అంది అనెజీనా. "ఆ మంచాలు మావి. మేం వంటింట్లో పడుకునేవాళ్ళం."

ఇంగె బిత్తరపోయింది. "మీ మంచాలా? అంటే మేము... మీరు నేల మీద..."

"అందరూ అంతే లెండి. మా ఆవిడ పెళ్ళయ్యాక కూడా మూడేళ్ళు నన్ను వంటింట్లోనే పడుకోబెట్టింది," అన్నాడు లూకాస్. "వేసవి పెళ్ళికొడుకుని. అత్తగారు పక్కనే."

ఇంగె నవ్వుతూ వచ్చి కూర్చుంది. అనెజీనా చాకు మొనతో మూత చుట్టూ పిండి పగలగొట్టింది. ఆవిరి గుప్పుమంది. పైనున్న శనగలు నూనెలో మెరుస్తున్నాయి. ఇంగె పళ్ళెంలో రెండు గరిటెలు వేసి, నిమ్మచెక్క పిండి, రొట్టె ముక్క అందించి, చేతులు గౌనుకి తుడుచుకుంటూ నిలబడింది. కూర్చోవాలని తోచలేదు.

ఇంగె ఒక చెంచా తింది. కళ్ళు మూసుకుంది. ఇంకో చెంచా తింది. మూడో చెంచా పైకెత్తి, తినకుండా పళ్ళెంలో పెట్టేసింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి గెడ్డం దాకా వచ్చాయి.

"ఇదే," అంది. "ఇదే, అనెజీనా గారూ. పౌల్ పళ్ళెం రొట్టెతో తుడిచి తిన్నాడు. మళ్ళీ అడగడానికి సిగ్గుపడ్డాడు. మీ అమ్మగారు అడక్కుండానే వేశారు. నేను ఎక్కడెక్కడో తిన్నాను. వంటల పుస్తకాలు చూసి నేనే వండాను. ఎప్పుడూ రాలేదు. ఇదే ఆ ఇల్లు." కళ్ళు తుడుచుకుని, తనలో తను అనుకున్నట్టు, "నిన్న నేను తొందరపడ్డాను. రేపు వెళ్ళి సరిచేసుకోవాలి," అంది.

నిన్న తొందరపడటం ఏమిటో అడగాలని కూడా అనెజీనాకి అనిపించలేదు. ఆమె చెవుల్లో "ఇదే" అన్న ఒక్క మాటే మోగుతోంది. గోడ మీదికెక్కి అటువైపుకి వినబడేలా అరవాలనిపించింది. నవ్విన నాప చేనే పండుతుందని ఊరికే అన్నారా!

అంతలో లూకాస్ మొదటి ముద్ద మింగి, పెళ్ళాం మొహంలోకి ఆశ్చర్యంగా చూశాడు. "ఇన్నాళ్ళకి కుదిరిందే ఇవాళ! ఏం వేశావ్?"

"ఎప్పుడూ వేసేవే వేశాను. ఇన్నాళ్ళూ కుదరలేదా మరి?"

"అహ, అని కాదు," అంటూ లూకాస్ పళ్ళెంలోకి తల దించేశాడు.

అనెజీనా లోపలికెళ్ళి చెంచా తెచ్చుకుంది. కుండలోంచే ఒక చెంచాడు తీసి నోట్లో పెట్టుకుంది. అంతే, ఆమె వంటింటి గచ్చు మీద, అమ్మ పక్కన ఉంది. ఉల్లిపాయ ఎక్కడా పంటికి తగలకుండా కరిగిపోయింది. శనగ నాలుక మీద వెన్నలా విడిపోయింది. ఉప్పు సరిగ్గా అమ్మ వేళ్ళు వేసినంతే ఉంది. ఇరవై ఆరేళ్ళకి అమ్మని తిన్నట్టయింది. ఆ ఆనందంలోనే, రెండో చెంచా నోట్లో ఉండగానే, ఆమెకి అనుమానం వచ్చింది. తను వేసిన రెండు బిర్యానీ ఆకులేవీ? చెంచాతో అడుగుదాకా కలిపి చూసింది. ఆకు లేదు. ఆ కుండ తనది కాదు.

నిలబడ్డచోటే నిలబడిపోయింది. ఇంగె రొట్టె తుంచుకుంటోంది. లూకాస్ రెండో వడ్డనకి పళ్ళెం చాపుతున్నాడు. ఎవరికీ ఏమీ తెలియదు. తను నోరు విప్పకపోతే ఎప్పటికీ తెలియదు. అటువైపు ఆవిడ తన కుండ తెరిచి, తిని, ఉమ్మేసి ఉంటుంది. ఉమ్మేస్తే ఉమ్మేసింది! తిన్న మనిషి "ఇదే" అంది. అది చాలదూ? అనెజీనా చెంచా బల్ల మీద పెట్టి, మొగుడికి వడ్డించి, ఇంగెకి నీళ్ళు పోసింది.

సందువైపు తలుపు ఎవరో తట్టారు.

లూకాస్ వెళ్ళి తీసి, అక్కడే కొయ్యబారిపోయాడు. తలుపులో కల్యోపి నిలబడి ఉంది. నల్ల గౌను, కోవెలకి కట్టుకున్న రుమాలు. చేతుల్లో చేప గుర్తు కుండ. ఆ గడప ఆవిడ దాటి ఇరవై ఆరేళ్ళు.

"అడ్డం లేవయ్యా, కాలుతోంది," అంది మరిదితో. లోపలికొచ్చి కుండ బల్ల మీద దించింది. ముందు ఇంగెకేసి తలూపింది. తర్వాత చెల్లెలికేసి చూసింది.

"కుండలు మారాయి," అంది.

అనెజీనా ఆ కుండ మూతకేసి చూసింది.

"జఫీరిస్‌కి నడుం పట్టేసిందట. వాళ్ళల్లుడు పేర్చాడట. నా గుమ్మంలో కుండ పెట్టి వెళ్ళాడు. నీదేదో నువ్వు తీసుకో, నాదేదో నాకివ్వు. తినేసినట్టున్నారే!"

"కుండలు మారడం అంటే ఏమిటి?" అంది ఇంగె.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అతిథి ముందు ఆ మాట దాటెయ్యడానికి వంద దారులున్నాయి. 'ఏం లేదమ్మా, మా ఊళ్ళో మామూలే' అంటే సరిపోయేది. కల్యోపి కూడా అదే కోరుకున్నట్టు చూపు బావి మీదికి తిప్పుకుంది. అనెజీనా ఇంగె పళ్ళెంలోకి చూసింది. అందులో ఇంకా నాలుగు శనగలున్నాయి. అమ్మ చేతివి అని ఏడ్చిన మనిషికి అబద్ధం తినిపించి పంపితే, రేపట్నుంచి ఆ బోర్డు తనని చూసి నవ్వదూ?

"మీరు తిన్నవి నావి కావమ్మా," అంది. "ఆవిడవి. నేను వండినవి ఇదిగో, ఈ కుండలో ఉన్నాయి. మీరు వెతుక్కుంటూ వచ్చిన రుచి ఇటు లేదు, అటుంది. అమ్మ చెయ్యి ఆవిడకే వచ్చింది. ఇరవై ఆరేళ్ళ కిందట ఆవిడ అన్న మాట నిజమే. నాకు ఎప్పుడూ తెలుసు."

ఇంగె చెంచా పక్కన పెట్టి ఒకసారి ఈమెని, ఒకసారి ఆమెని చూసింది. అంతసేపూ ఆవిడ నుదుటి మీద ఉన్న ముడత నెమ్మదిగా విడిపోయింది. కల్యోపి మాత్రం చెల్లెలు గెలిపించినా గెలిచినదానిలా లేదు. కుర్చీ లాక్కుని, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చుంది.

"పిచ్చిదానా," అంది. "నువ్వు నోరు మూసుకుని ఉంటే బాగుండేది."

"ఎందుకు? నువ్వు కోరుకున్నది ఇదేగా!"

"ఈ కుండ నాది కాదని నాకెప్పుడు తెలిసిందో తెలుసా నీకు? పళ్ళెం నిండా తినేశాక. అడుగున ఆకు తగిలింది. నేను జన్మలో బిర్యానీ ఆకు వెయ్యను. అప్పుడు తెలిసింది." కల్యోపి రుమాలు ముడి విప్పుకుంది. "నాకు రుచి పోయిందే. చలికాలం ముందు జ్వరం వచ్చింది చూడు, వారం రోజులు మంచం దిగలేదు. లేచేసరికి నాలుక్కేమీ తెలియలేదు. ఉప్పు లేదు, పులుపు లేదు, కాఫీ కూడా వేడి నీళ్ళే. సైరోస్ దీవికి వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నా. వస్తే వస్తుందన్నాడు, లేకపోతే లేదన్నాడు. ఆర్నెల్లుగా వేళ్ళకి గుర్తున్నంత వేసి వండుతున్నా. గుడ్డిది గోడ పట్టుకుని నడిచినట్టు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పను? గోడకా?"

అనెజీనాకి కళ్ళు మసకబారాయి. చలికాలం ముందు బావిలో అటు బక్కెట్టు వారం రోజులు దిగలేదు. ఆ సంగతి ఆమె గమనించింది. అడగడానికి వెళ్ళలేదు.

"ఇన్నేళ్ళు నీ చేతికి వంకలు పెట్టాను," అంది కల్యోపి. "ఇవాళ నీ చేతి వంట కడుపునిండా తిని, ఎవరిదో కూడా తెలుసుకోలేకపోయాను. ఇంక నాకా బోర్డెందుకు? నా సగం అమ్మేస్తానని మాటిచ్చాను. కూతురు దగ్గరికి సైరోస్ పోతాను. బుధవారం ఓడలో నోటరీ వస్తున్నాడు."

"అమ్మేస్తావా? అమ్మ ఇల్లా? ఎవరికి?"

కల్యోపి ఇంగె కేసి చూసింది.

ఇంగె బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని ఉంది. "నాకు," అంది. "నిన్న మధ్యాహ్నం మాట్లాడుకున్నాము. ఇందాక మీ శనగలు తిన్నప్పుడు, తప్పు సగం అడిగానేమో అనుకున్నాను. రేపు వద్దని చెబుదామనుకున్నాను. ఇప్పుడు మీరు నిజం చెప్పారు. మీకు చాలా కృతజ్ఞతలు."

"అందుకేనే నోరు మూసుకోమన్నది," అంది కల్యోపి. "నువ్వు చెప్పకపోతే ఆవిడే వెనక్కి పోయేది. ఆవిడ నోట 'వద్దు' అన్న మాట వినడానికే వచ్చానో ఏమో, నాకే తెలియదు. సరే, ఇంక వినవలసింది ఒకటుంది. అమ్మ కాగితాల్లో గోడ లేదు. ఇల్లంతా ఒకటే, పేర్లు రెండు. నువ్వు సంతకం పెట్టకపోతే సగం సగంగా తెగదు. పెడతావా?"

లూకాస్ ఏదో అనబోయి, పెళ్ళాం మొహం చూసి మానేశాడు. అనెజీనా అక్క ముందున్న కుండనీ, తన ముందున్న కుండనీ చూసింది. సంతకం పెడితే సందులో మోస్కా గదులు ఒకటే మిగులుతాయి. తనవే. నిన్నటిదాకా ఆమె కోరుకున్నది అదే.

"పెట్టను," అంది.

"ఇంకా కసి తీరలేదా?"

"కసి కాదక్కా."

ఆ పిలుపుకి కల్యోపి చేతిలో రుమాలు జారి కింద పడింది. తీసుకోలేదు.

"నీ చెయ్యి ఎక్కడికీ పోలేదు," అంది అనెజీనా. "నువ్వు వండు. ఉప్పు నేను చూస్తాను. నీ నాలుక బాగయ్యేదాకా చూస్తాను, బాగవకపోతే చచ్చేదాకా చూస్తాను. ఆ గోడ లూకాస్ రేపే పడగొడతాడు."

"రేపు వలలు..." అన్నాడు లూకాస్.

"రేపే పడగొడతాడు!"

కల్యోపి ఏడుస్తోందో నవ్వుతోందో కాసేపు తెలియలేదు. చివరికి మోచేత్తో మొహం తుడుచుకుని ఇంగె వైపు తిరిగింది. ఆర్నెల్ల తర్వాత మొదటిసారి ఆవిడ గొంతులో మోస్కా గొంతు పలికింది.

"చూశావుగా అమ్మా. మా చెల్లెలు ఒప్పుకోవడం లేదు. నీకిచ్చిన మాట వెనక్కి తీసుకోనీ. నువ్వు ఏటా రా, మా మంచాలిస్తాం, మేం వంటింట్లో పడుకుంటాం. నువ్వు వెతుక్కుంటూ వచ్చిన ఇల్లు అదేగా?"

ఇంగె రొట్టె ముక్క తుంచి పళ్ళెంలో మిగిలిన నూనెంతా నెమ్మదిగా తుడిచి తింది. ఆవిడ కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి గానీ గొంతులో తడి లేదు.

"లేదు, కల్యోపి గారూ. అతిథిగా నేను ఒకసారి వచ్చాను, వెళ్ళిపోవలసి వచ్చింది. ఈసారి వెళ్ళను. మీరు మాట ఇచ్చారు. ఆ సగం నాకు కావాలి."

చేతులు తుడుచుకుని లేచి, మేడ మెట్లెక్కి, ఎర్ర పిట్టల దుప్పటి పరిచిన ఆ గదిలోకి వెళ్ళి లోపల గడియ వేసుకుంది.